తెల్ల చాక్లెట్‌కు రాణి అంచు

బల్మూర్,
9 నవంబర్ 2025

గద్వాలలోని గోపాలయ్య మామకు,

నమస్తే. మీరు నన్ను ఒక్కసారే చూశారు, గుర్తు ఉండకపోవచ్చు. నేను సరితను. మీరు వద్దన్నా మీ ఉమను పెళ్లి చేసుకున్న పాల్‌కు చెల్లెలిని. మా ఇంటి నంబరు కనబడితే మీరు ఫోన్ కట్ చేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని కట్ చేయడానికి బటన్ ఉండదు. చింపొచ్చు. కానీ చింపేవాళ్లు కూడా ముందు ఒకసారి చదువుతారని నా నమ్మకం.

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేను ఒక్కదాన్నే. అమ్మానాన్న మట్టిపనికి ఊళ్లు తిరిగారు, అన్న వాళ్ల వెంట తిరిగాడు. నేను వనపర్తి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక బేకరీలో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. రాయాల్సింది ఆ బేకరీ సంగతే.

క్రిస్మస్ దగ్గర పడితే మా దగ్గర తెల్ల చాక్లెట్‌ను వేడి పాలలో కరిగించి, ఏదైనా రంగు కలిపి గిలాసలో ఇస్తారు. హాట్ చాక్లెట్ అంటారు. వదినకు ఫోన్‌లో ఫోటో చూపించాను. చూసినప్పటి నుంచి అదే కోరిక. ఆమె ఇప్పుడున్న స్థితిలో అడిగింది ఇవ్వకపోతే పాపం అని అమ్మ నన్ను నిలవనివ్వలేదు. చాక్లెట్ బిళ్ల కొనుక్కొచ్చి ఇంట్లోనే చేశాను. బేకరీ మాస్టర్ వేసే పొడి రంగే వేశాను. వదిన గిలాసలోకి చూసి, "ఇది రాణి రంగు కాదు సరితా. జాతర్ల అమ్మే ఐసు రంగు. మా నాయన చూస్తే నవ్వుతడు" అంది.

తర్వాత లోపలికి పోయి మీరు నేసిన చీర తెచ్చింది. ఒళ్లంతా పాల తెలుపు, అంచు రాణి రంగు. ఆ అంచును గిలాస పక్కన పెట్టి, "ఇదీ రాణి అంటే" అంది. అంచు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. గిలాస ముట్టలేదు.

మరునాడు బీట్‌రూట్ రసం పోసి చూశాను. బాగా మరిగించాను. ఇటుక రంగు వచ్చింది.

నా ప్రశ్న ఇదే మామా. కడుపులోకి పోయేది, వంటింట్లో దొరికేది, దేనితో ఆ రంగు వస్తుంది? రంగుల పని మీ చేతిలో పుట్టిందని వదిన చెబుతుంది. నేను ఈ ఉత్తరం రాసినట్టు ఆమెకు తెలియదు.

అడగడానికి భయపడుతూనే అడిగిన,
సరిత

—

గద్వాల,
17 నవంబర్ 2025

సరితకు,

ఉత్తరం అందింది. చింపలే. అచ్చరాలు గుండ్రంగున్నయి.

బీట్‌రూటే సరైంది. నువ్వు చేసిన తప్పేందంటే, రంగుకు పులుపు చూపియ్యలే. పట్టు దారానికి రంగేసేటప్పుడు సలసల కాగే నీళ్లల్ల రంగు పోసి జర పులుపు తగిలిస్తం. పులుపు తగిలితేనే రంగు లేస్తది. దారాన్ని పట్టుకుంటది, మళ్ల దిగదు. నువ్వు గూడ గట్లనే చెయ్యి. పాలు పొంగు మీదున్నప్పుడు బీట్‌రూట్ రసం పొయ్యి. మీదికెళ్లి నిమ్మకాయ పిండు. భయపడకుండ పిండు. గోపాలయ్య వేసిన రంగు దిగిందని ఇప్పటిదాంక ఒక్కరు గూడ నా గడప ఎక్కి అడగలే.

ఆ చీర పెట్టెల మూసి పెట్టొద్దని చెప్పు. అప్పుడప్పుడు గాలికి వెయ్యాలె. ఎండకు కాదు, గాలికి.

ఉమకు తెలియకుండ రాస్తున్నని రాసినవు. పక్కన కూసోని ఆమెనే రాయిస్తున్నదని నాకు తెలుసు. నాయనతోని మాట్లాడాలంటే బీట్‌రూట్ సాకు ఎందుకు?

ఇంకొక మాట. "ఇప్పుడున్న స్థితి" అని రాసినవు. ఏం స్థితి? ఎన్నో నెల? ఉమ తల్లి మల్లమ్మ అడుగుతున్నది. నేను కాదు.

గోపాలయ్య

—

బల్మూర్,
23 నవంబర్ 2025

గోపాలయ్య గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మా చర్చి అక్కలను కూడా పిలిచాను. "మా వదిన వాళ్ల నాన్న చెప్పిన రంగు, చూడండి" అని వదినకు వినబడకుండా గొప్పగా చెప్పుకున్నాను. పాలు పొంగు మీద ఉన్నాయి. చాక్లెట్ చక్కగా కరిగింది. రసం పోశాను. నిమ్మకాయ పిండాను. భయపడకుండా పిండాను.

పాలు విరిగిపోయాయి. గిన్నె నిండా ఎర్ర నీళ్లు, వాటిలో తెల్ల ముక్కలు. అందరూ నన్నే చూశారు. వదిన లోపలికి పోయాక అన్న ఒక్క మాటే అన్నాడు. "కావాలనే చెప్పిండు." కడుపుతో ఉన్న మనిషి ముందర పాలు విరిగాయని అమ్మ రాత్రి అన్నం తినకుండా ప్రార్థన చేసింది.

అన్న మాట నేను నమ్మలేదు. కానీ తర్వాత ఒక సంగతి గుర్తుకొచ్చి నమ్మాను. పోయిన ఏడాది సంబంధం మాట్లాడటానికి మేము మీ ఇంటికి వచ్చాము. మీరు స్టీలు గిలాసలో నీళ్లు తాగారు. మాకు పేపరు గిలాసల్లో ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ, "ఎంత సుబ్బరం మనుషులు బిడ్డా, తాగి పారేసేటియి ఇచ్చిండ్రు" అంది. నేను చదువుకున్నాను కాబట్టి నాకే అర్థమైందని అనుకున్నాను. అమ్మకు నాకంటే ముందే అర్థమైందని చాలా రోజులకు తెలిసింది.

మల్లమ్మ అత్తకు చెప్పండి. ఆరో నెల. వదిన ఈ మాట చెప్పడానికే మీకు ఎన్నోసార్లు ఫోన్ చేసింది. మీకు తెలిసే ఉంటుందని అందరం అనుకున్నాము. వచ్చే నెల ఏడు పడుతుంది. తొలి కాన్పుకు పుట్టింటివాళ్లు ఏడో నెలలో వచ్చి తీసుకుపోతారని వదిన బయటికి అనదు కానీ, గేటు చప్పుడైతే చూస్తుంది. ఎనిమిది పడితే ఎవరూ కదిలించరు. అది మీకే బాగా తెలుసు.

నేను రాస్తున్నట్టు ఆమెకు నిజంగానే తెలియదు. ఇక రాయను కూడా.

సరిత

—

గద్వాల,
1 డిసెంబర్ 2025

సరితమ్మకు,

నేను కావాలని చెప్పలే. ఇది నువ్వు నమ్మాలె.

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. నిమ్మకాయతోని ఏమైతది, ఈ పొల్లకే చేతగాలేదని, మల్లమ్మ ఇంట్ల లేని టైముల నేనే పొయ్యి ముట్టిచ్చిన. పాలు పెట్టిన. రసం పోసిన. నిమ్మకాయ పిండిన. ఇరిగినయి. ఇంకోసారి పెట్టిన, నిమ్మకాయ సగమే పిండిన. మళ్ల ఇరిగినయి. మూడోసారి పెడుతుంటే మల్లమ్మ వచ్చింది.

"ఏం చేస్తున్నవ్?"

"రంగు ఎక్కిస్తున్న."

"పాలకా? పాలల్ల నిమ్మకాయ ఎవరన్న పిండుతరా? ఇన్నేండ్లు ఆ ఆవిరి పీల్చి పీల్చి నీ మెదడుకు గూడ రంగెక్కింది."

ఆమె తిట్టింది నీకు రాస్తున్న. నీ మనసు సల్లబడుతదని. ఆ ఇరిగిన పాలతోని ఆమె కోవ చేసింది. ఎర్రకోవ. మంచిగనే ఉంది. కోవ చేతుల పెట్టి, ఈ పాలు ఎవరి కోసమని అడిగింది. చెప్పిన. ఆరో నెలని గూడ చెప్పిన. ఆమె కింద కూసుంది. కోవ తినలే.

తర్వాత ఇద్దరం కలిసి చూసినం. ఇప్పుడు సరైంది రాస్తున్న, మూడు నాలుగు మాట్ల చేసి చూసి రాస్తున్న. పులుపు వద్దే వద్దు. రసం మరగనియ్యొద్దు, మరిగితే ఇటుక రంగే. పాలు దించి, ఏలు పెడితే ఓర్చుకునేంత సల్లారినంక పొయ్యాలె. పట్టుకు ఉడుకు కావాలె, పాలకు ఉడుకు పనికిరాదు. నా పని అంతా ఉల్టా చేస్తే నీ పని అయితది.

మల్లమ్మ ఇంకొకటి చెప్పింది. రంగు పాలల్ల కలపకు. మీగడను చక్కెరేసి గిలకొట్టి, దాంట్ల రసం కలిపి గిలాస మీద పెట్టు. కింద తెలుపు, మీద రాణి. ఉమ చీర లెక్క.

పాలు ఇరిగినప్పుడు ఉమ నవ్విందా? ఏడ్చిందా? గది రాయలే నువ్వు.

గోపాలయ్య

—

బల్మూర్,
7 డిసెంబర్ 2025

గోపాలయ్య మామకు,

ఇక రాయనన్నదాన్ని మళ్లీ రాస్తున్నాను. నా మాట కూడా మీ నిమ్మకాయ లాంటిదే అయింది.

మీమీద తప్పుగా అనుకున్నాను. అన్నకు కూడా మీ ఉత్తరం చదివి వినిపించాను. "మెదడుకు రంగెక్కింది" అన్న దగ్గర అన్న నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఈసారి బాగా వచ్చింది. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించాను. ఒక్క నీటి చుక్క పడినా గడ్డ కడుతుందని మాస్టర్ చెప్పాడు, అందుకే గరిటె కూడా కొంగుతో తుడిచాను. వేడి పాలు కొద్దికొద్దిగా పోసి కలిపాను. పైన మల్లమ్మ అత్త చెప్పిన మీగడ పెట్టాను. వదిన చీర అంచు తెచ్చి పక్కన పెట్టి చూసింది. మళ్లీ చూసింది. "ఇది ఎవరు చెప్పిండ్రు?" అని అడిగింది.

అబద్ధం ఆడలేకపోయాను. మీ ఉత్తరాలు రెండూ ఇచ్చాను. పొయ్యి దగ్గరే కూర్చొని చదివింది. మీరు అడిగారు కదా, పాలు విరిగిన రోజు ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఇప్పుడు మీరు పాలు విరగగొట్టిన సంగతి చదివి రెండూ చేసింది. గిలాస మొత్తం తాగింది.

మామా, క్రిస్మస్‌కు రండి. పండుగకు కాకపోతే మరునాడు రండి. ఏడో నెల నడుస్తుంది, వదినను తీసుకుపోండి. అమ్మ కూడా ఒక మాట రాయమంది. బిడ్డను తీసుకుపోయే తండ్రి వియ్యాలవారింట్లో నోరు తీపి చేసుకోకుండా కదలకూడదట. కాబట్టి మీరు వచ్చిన రోజు మొదటి గిలాస మీకే. మీరు తాగాకే ప్రయాణం.

మీ కోసం మీగడ దాస్తున్న,
సరిత

—

గద్వాల,
15 డిసెంబర్ 2025

సరితకు,

నువ్వు చదువుకున్న పిల్లవు. ఎంత మంచిగ షరతు పెట్టినవు! తాగితేనే బిడ్డను పంపుతం, తాగకుంటే పంపం. పేపరు గిలాసల సంగతి మనసుల పెట్టుకొని, ఇప్పుడు నీ గిలాస నా ముందర పెడుతున్నవు. తాగితే గెలుస్తవు. తాగకుంటే గూడ నువ్వే గెలుస్తవు.

నేను రాను. మల్లమ్మను కారుల పంపుత. ఆమె తాగుతదో లేదో ఆమె ఇష్టం. నాకు ఇక్కడ నాతోటి మగ్గాలోళ్లున్నరు, వీధి ఉన్నది. అందరి మాటలు పడి బతికేటోన్ని.

ఉమను చల్లగాలిల తిరగొద్దని చెప్పు.

గోపాలయ్య

—

బల్మూర్,
19 డిసెంబర్ 2025

గోపాలయ్య మామకు,

అది షరతు కాదు మామా. పిలుపు. నాకు రాయడం చేతకాలేదు. డిగ్రీ చదివినా ఒక పిలుపు పిలుపులాగా రాయలేకపోయాను.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. మధ్యలో ఆపుదామని చూస్తే, "మొత్తం సదువు" అంది. విన్నాక, "ఇప్పుడు నేను చెప్తా. నువ్వు నీ చదువు కలపకుండ రాయి" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టే ఇది:

"అన్నా, జమ్ములమ్మ దండాలు పెడుతున్నది. నువ్వు రా. ఏం తాగకు. నీళ్లు గూడ మీ ఊరికెళ్లే సీసల తెచ్చుకో. మా ఇంట్లకు రాకు, గేటు కాడ కుర్చీ వేస్త, కూసో. కుర్చీ వద్దంటే నిలబడు. పొల్ల మొఖం చూసి తీస్కపో. మట్టిపనికి పోయిన కాడ ఎన్ని ఊర్లల్లనో దోసిట్ల నీళ్లు పోయించుకొని తాగినం. నువ్వొక్కనివి మా ఇంట్ల తాగకుంటే మాకు తక్కువైతదా? కాదు. కాని పొల్ల రోజు గేటు కాడికి చూస్తున్నది. అమ్మ వస్తే సంబురపడుతది. ఆ చూపు మాత్రం నీ కోసం. అది నాకు చూసబుద్ధి అయితలేదు."

అంతే. చివర "ఉంట అన్నా" అని రాయమంది.

సరిత

—

బల్మూర్,
28 డిసెంబర్ 2025

మామా, మల్లమ్మ అత్తా, వదినా,

నాయనతో క్షేమంగా చేరానని వదిన ఫోన్ చేసింది. అయినా ఈ ఉత్తరం ఎందుకంటే, అత్తకు మామ ఏం చెబుతారో నాకు తెలుసు. "పోయిన, తోలుకొచ్చిన" అంటారు. అత్తకు జరిగింది మొత్తం తెలియాలి. వదినా, ఇది పైకి చదువు. మామ లేచి పోకుండా చూసుకో.

అత్తా, పండుగ మరునాడు పొద్దున గేటు ముందర కారు ఆగింది. మామ ఒక్కరే దిగారు. చేతిలో నిజంగానే నీళ్ల సీస ఉంది. అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక నావైపు చూసింది. వాకిట్లో కుర్చీ వేసింది. మామ కూర్చోలేదు. వదిన ఆ చీర కట్టుకొని బయటికి వచ్చింది. మామ ఆమె మొఖం చూడలేదు, వంగి చీర అంచు రెండు వేళ్లతో పట్టుకున్నారు. "గాలికి వెయ్యలే" అన్నారు. వదిన, "వేసిన నాయనా" అంది. ఎన్నో నెలల తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు అవే.

అమ్మ ఎవరినీ ఏమీ తాగమని అడగొద్దని మాకు గట్టిగా చెప్పింది. నేను ప్రయాణానికి ముందు వదిన కోసమే పొయ్యి వెలిగించాను. మా వంటపొయ్యి బయటి అరుగు మీదే ఉంటుంది, వాకిట్లోకి కనబడుతుంది. చాక్లెట్ కరుగుతోంది. పాలు కాగుతున్నాయి. వాకిట్లో నుంచి మాట వినిపించింది.

"మంట తగ్గియ్యి."

తగ్గించాను.

"ఇంక తగ్గియ్యి."

ఇంకా తగ్గించాను. మీగడలో రసం పోస్తుంటే, "ఆగు, ఎంత పోస్తున్నవ్?" అన్నారు. "ఇంత" అని చూపించాను. "గంత దూరంకెళ్లి ఏం కనబడతది? రంగును దగ్గరికెళ్లి చూడాలె" అని చెప్పులు విడిచి అరుగు ఎక్కేశారు. ఎక్కానని ఆయనకు తెలిసిందో లేదో. నా చేతిలో గరిటె తీసుకొని, ఒక్కొక్క చుక్క పోస్తూ కలిపారు. రంగు కుదిరింది, అత్తా. చీర అంచుకు, ఆ మీగడకు తేడా చెప్పడం కష్టం.

గిలాసలో పోసి మీద మీగడ పెట్టాను. మామ దాన్ని ఎండలోకి తీసుకుపోయి, తిప్పి తిప్పి చూశారు. పాల వేడికి మీగడ కరిగి, రాణి రంగు తీగలు తీగలుగా తెలుపులోకి జారుతోంది. ఆయన మొఖం వాడిపోయింది. "రంగు దిగుతున్నది" అన్నారు. ఎవరో చీర తిరిగి తెచ్చి ఇచ్చినట్టే అన్నారు.

మా నాన్న మద్దిలేటికి మాటలు తక్కువ. లోపలికి పోయి పల్లీపట్టి ముక్క తెచ్చి, చేతిలోనే నలిపి, ఆ పొడి గిలాస మీద చల్లాడు.

"ఇగో బావా, నీ జరీ. తాగేదానికి రంగు దిగాల్నే గద. దిగకుంటే గొంతుల ఎట్ల పోతది?"

మామ నాన్నను చూశారు. గిలాసను చూశారు. తాగారు. సగం తాగి, "తీపి జర తక్కువైంది" అన్నారు. మిగతా సగం కూడా తాగారు. మీసానికి రాణి రంగు అంటింది. ఎవరూ చెప్పలేదు. అట్లనే కారెక్కారు. గద్వాల చేరేదాకా ఎవరైనా తుడిచారా అత్తా?

ఇంకొకటి. ఆ నీళ్ల సీస మా గోడ మీద మర్చిపోయారు. మూత కూడా తీయలేదు. అమ్మ దాన్ని తీయనివ్వడం లేదు. "అన్న మళ్లొచ్చి తీస్కపోతడు" అంటుంది.

వదిన లేక ఇల్లు బోసిగా ఉంది. అన్న రోజూ ఏదో ఒక సాకుతో గద్వాల పోతానంటున్నాడు.

మీ సరిత

—

గద్వాల,
5 జనవరి 2026

బిడ్డా సరితా,

నీ ఉత్తరం ఉమ చదివింది. నేను లేచి పోలే. మల్లమ్మ రెండుమాట్ల చదివిచ్చుకుంది. మీసం సంగతి ఇంటికొచ్చి అద్దంల చూసుకున్నంక తెలిసింది. దారిల టీ తాగనీకి ఆగినం, హోటలాయన నన్నే చూస్తుంటే పెద్దమనిషని చూస్తుండనుకున్న. కారుల ఉమ కొంగు నోట్ల కుక్కుకొని కూసుంది. ఆమెకు తెలుసట.

ఉమ మంచిగున్నది. దవాఖానల చూపించినం, అంత మంచిదే అన్నరు. వీధిలోళ్లు అడిగిండ్రు. బిడ్డను తోలుకొచ్చిన అని చెప్పిన. ఇంకేమన్న అడుగుతరేమో అని నిలబడ్డ. ఎవరూ అడగలే. అడిగితే చెప్పెటోన్నే.

నిన్న బర్తనాల దుకాణంకు పోయి స్టీలు గిలాసలు తెచ్చిన. పేర్లు కొట్టిచ్చిన. జమ్ములమ్మ. మద్దిలేటి. పాల్. సరిత. పేర్లు కొట్టేటాయన, "ఎవరు వీళ్లు?" అన్నడు. "మా ఇయ్యాలోళ్లు" అన్న. మల్లమ్మ వాటిని మా గిలాసల పక్కనే, ఒకటే అరల బోర్లిచ్చింది. పేపరుయి ఇంట్ల ఉండెటియి, పొయ్యిల పెట్టింది.

ఇంకొక గిలాస గూడ తెచ్చిన. చిన్నది. దాని మీద పేరు కొట్టియ్యలే. మార్చి దాంక ఆగాలె.

మీ అమ్మకు చెప్పు, సీస అక్కడనే ఉండనియ్యమని. అందరు కలిసి రాండ్రి. పాలు నేనే కాగబెడత. ఇక్కడ తెల్ల చాక్లెట్ దొరుకుతలేదు, నువ్వే తేవాలె. పల్లీపట్టి మీ నాయన తెస్తడు.

నిమ్మకాయ మాత్రం ఎవరు తేవద్దు.

మీ మామ,
గోపాలయ్య